కోత పండుగకు వచ్చిన తెల్లదోమ

అబిడ్స్‌లో ఆకు నల్లబడితే ఎవరూ చెట్టును అనుమానించరు. మా సందు చివర బస్సులు ఆగుతాయి, కదిలేటప్పుడు పొగ వదులుతాయి. ఆ పొగే గోడ దాటి మా పెరట్లో నిమ్మచెట్టు మీద కూర్చుంటోందని రెండు నెలలు నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. డీజిల్ గురించి, ఈ నగరం గతి గురించి ఇంటికి వచ్చినవాళ్లందరికీ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పరామర్శకు వచ్చినవాళ్లు ఏం చెప్పినా వింటారు. టీ తాగేదాకా వాళ్లకు వేరే దారి లేదు.

నా భార్య ఆ వానాకాలం మొదట్లో పోయింది. నిమ్మచెట్టు ఆమె పెట్టింది. ఈ రెండు విషయాలకు సంబంధం లేదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. మా చర్చి సంఘంలో ఒక్కరూ ఒప్పుకోలేదు. మా ఇల్లు చర్చి ఆవరణకు ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఒక గోడ, గోడకు ఒక చిన్న గేటు. ఆ గేటు తీసుకుని స్త్రీల సమాజం అధ్యక్షురాలు వారానికి రెండుసార్లు వచ్చేది. సుల్తాన్ బజార్‌లో బట్టల కొట్టు నడిపి రిటైరైన మనిషి, నా భార్యకు స్నేహితురాలు. వచ్చి చెట్టు ముందు నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

"వదినె ఈ చెట్టులనే ఉన్నది అన్నా."

"ఆమె సమాధుల తోటలో మూడో వరుసలో ఉందమ్మా," అన్నాను ఒకసారి. "చెట్టులో చీమలున్నాయి."

నిజంగానే ఉన్నాయి. కొమ్మల పొడుగునా బారులు తీరి పైకీ కిందికీ తిరుగుతున్నాయి. చీమలు ఊరికే చెట్టెక్కవని అప్పుడే అనుకోవాల్సింది. నేను నాంపల్లిలో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. తప్పు పట్టినందుకే జీతం తీసుకున్నాను. పెరట్లోకి వచ్చేసరికి ఆ కళ్లు పనిచేయలేదు.

ఒక ఉదయం, మసి కడుగుదామని తడిగుడ్డ తీసుకుని ఒక ఆకు తిప్పాను. వెనకవైపు తెల్లగా దూది అంటించినట్టు ఉంది. నాకు ఉపమానాలు గిట్టవు, కానీ అది దూదిలాగే ఉంది. ప్రూఫుల కాలం నాటి భూతద్దం తెచ్చి చూశాను. దూది కింద చిన్న చిన్న పురుగులు, కదలకుండా, ఆకుకు మూతి ఆనించి, కిరాయి కట్టిన ఇంట్లో ఉన్నంత ధీమాగా ఉన్నాయి. పక్క ఆకు తిప్పాను. దాని వెనకా అంతే. పది తిప్పి ఆపేశాను.

నాంపల్లిలో పంటల పురుగులు చూసే ఒక ఆఫీసు ఉందని తెలుసు. నాలుగు ఆకులు తెంపి, పాత శుభలేఖ కవరు ఒకటి కనిపిస్తే అందులో పెట్టి, నడుచుకుంటూ బయలుదేరాను. ఎండగా ఉంది. స్టేషను దగ్గర బత్తాయి రసం బండి ముందు ఆగి ఒక గ్లాసు తాగాను. తాగినంతసేపూ కవరు బండి మీదే, బత్తాయిల పక్కన పెట్టాను. ఇది ఎందుకు చెబుతున్నానో ఇప్పుడే తెలుస్తుంది.

ఆఫీసులో ఒక అధికారిణి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. కవరు విప్పి ఒక ఆకును పరికరం కింద పెట్టి చూసి, కుర్చీ వెనక్కి జరిపింది.

"గిది ఎక్కడిది సార్?"

"అబిడ్స్. మా ఇంటి నిమ్మచెట్టుది."

"ఎట్ల తెచ్చిన్రు?"

"నడిచి వచ్చానమ్మా."

"మీరు కాదు సార్. దీన్ని ఎట్ల తెచ్చిన్రు? గిట్లనే, గీ కవర్లనే? మూత గీత లేకుండ?"

"శుభలేఖ కవరు. కొంచెం మందంగానే ఉంటుంది."

"దారిల ఎక్కడన్న ఆగిన్రా?"

అబద్ధం చెప్పే అవకాశం నాకు ఉందని అప్పుడు తెలియలేదు. "బత్తాయి రసం బండి దగ్గర," అన్నాను.

ఆమె కవరు మూతిని గట్టిగా మడిచింది. "సార్, నన్ను పరేషాన్ చెయ్యనీకే వచ్చిన్రా?"

ఆ తరవాత ఓపికగానే చెప్పింది. అది తెల్లదోమల్లో ఒక రకం. మన దేశంది కాదు, ఎక్కడినుంచో ఓడల్లోనో మొక్కల్లోనో వచ్చింది. నిమ్మ, బత్తాయి, జామ, ఏది దొరికితే దాని రసం పీలుస్తుంది. పీల్చి తియ్యటి బంక కారుస్తుంది. ఆ బంక కోసం చీమలు వస్తాయి, ఆ బంక మీద నల్లటి బూజు పెరుగుతుంది.

"అయితే ఆ నలుపు బస్సుల పొగ కాదా?"

"పొగ ఎందుకైతది సార్?"

నా రెండు నెలల ఉపన్యాసాలు ఆ ఒక్క మాటతో పోయాయి. విన్నవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి సవరణ చెప్పే ఓపిక నాకు లేదు.

"నల్లగొండ దిక్కు బత్తాయి తోటలు ఎన్నున్నయో ఎరుకేనా? గాడిదాక పోయిందంటే రైతు మునుగుతడు. ఎంత ప్రమాదమో అంచనా వెయ్యమన్నరు మమ్ముల. గా పని మీదనే ఉన్నం."

"ఇది ఎంత దూరం ఎగురుతుంది?"

"ఎగరదు సార్. సోమరిది. పక్క కొమ్మకు పోవాల్నన్నా ఆలోచిస్తది. దీన్ని మనుషులే మోస్తరు. మొక్కలతోని, కొమ్మలతోని." బల్ల మీది కవరు చూపించి, "పెళ్లి కవర్లతోని," అంది.

రెండు రోజుల తరవాత నాలుగు పేజీల ఫారం పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. ఫారాలు నాకు కొత్త కాదు. ఏడాది కిందట దవాఖానలో నా భార్య కోసం ఇలాంటివే నింపాను. అక్కడ కూడా చివర, ప్రమాదం ఎంతో రాసే గడి ఒకటి ఉండేది. డాక్టరు రిపోర్టులు చూసి, "ఫికర్ చెయ్యకున్రి, ప్రమాదం తక్కువనే," అన్నాడు. తక్కువ అంటే ఎంత అని నేను అడగలేదు. పెద్ద చదువు చదివిన మనిషి కదా, కొలిచే చెప్పి ఉంటాడనుకున్నాను.

"చెట్టు ఎవరిది సార్? పేరు చెప్పున్రి."

నా భార్య పేరు చెప్పాను. రాసింది.

"వయసు?"

"ఎవరిది?"

"చెట్టుదే సార్."

"ఇరవై మూడు."

"మేడమ్‌ని జర పిలుస్తరా? సంతకం కావాలె."

"ఆమె ఇక సంతకం పెట్టలేదమ్మా," అన్నాను. అధికారిణి తల ఎత్తి నన్ను చూసి, పేరు కొట్టేయకుండా, దాని కింద నా సంతకానికి చోటు చూపించింది. ఏమీ అనలేదు. నాలుగు నెలల్లో ఏమీ అననివాళ్లు నాకు దొరకడం అదే మొదటిసారి.

ఆమె కొమ్మకు ఇన్ని ఆకులని లెక్కపెట్టింది. ఐదు కొమ్మలకు ఎర్ర రిబ్బను కట్టింది. ప్రమాదం గడిలో 'మధ్యస్థం' అని రాసింది. పోయేముందు గేటు దగ్గర నిలబడి విషయం విడమరిచి చెప్పింది.

"పదిహేను రోజులకు మళ్లొస్త. అప్పటిదాక ఒక్క ఆకు గూడ గీ గేటు దాటొద్దు. బయటికి పోలేదంటే కొమ్మలు కొట్టి, గీడనే కాల్చి, సబ్బునీళ్లు, వేపనూనె కొట్టి చూస్తం. బయటికి పోయిందంటే మాత్రం చెట్టు ఉండది సార్. వేర్లతోని తీసేయమని ఆర్డర్ వస్తది."

చెట్టు ఒక చెట్టు మాత్రమే అని నేను చెబుతూ వచ్చానని ముందే రాశాను. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఎండ ఎక్కువగా ఉందనుకున్నాను.

ఆ పదిహేను రోజుల నడుమ కోత పండుగ వచ్చింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఏడాదికోసారి పంట ఇంటికి వచ్చే కాలంలో దేవుడికి కృతజ్ఞతగా మా చర్చిలో చేసే పండుగ అది. మెదక్ దిక్కు ఊళ్లలో నిజంగా పొలాలున్నవాళ్లు వడ్లు, మొక్కజొన్న కంకులు తెస్తారు. అబిడ్స్‌లో ఎవరికీ పొలం లేదు. మేము మార్కెట్లో కొన్న గుమ్మడికాయలు తెచ్చి, పండించినంత వినయంగా సమర్పిస్తాం. ఆరాధన తరవాత వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు మళ్లీ ఇచ్చేస్తారు, మళ్లీ వేలం వేస్తారు. సంఘం మొత్తానికి నిజంగా మట్టిలోనుంచి వచ్చింది ఒక్కటే, మా పెరటి నిమ్మ. అందుకని బలిపీఠం దగ్గర కటకటాలకు మా కొమ్మలే కాయలతో సహా కట్టడం ఇరవై ఏళ్ల ఆనవాయితీ. ఆరాధన అయ్యాక తలా ఒక రెమ్మ తుంచుకుని ఇంటికి తీసుకుపోతారు, ఆశీర్వాదమని.

ముందురోజు పొద్దున అధ్యక్షురాలు మరో నలుగురు ఆడవాళ్లతో వచ్చింది. కొడవలి, దోటి, రెండు గోనెసంచులు తెచ్చుకున్నారు.

"అన్నా, కొమ్మలకొచ్చినం."

"ఈసారి వద్దమ్మా. చెట్టుకు పురుగు పట్టింది. ఆఫీసువాళ్లు ఆకు కూడా బయటికి పోనివ్వద్దన్నారు."

"ఆఫీసోళ్లకు కోత పండుగ ఎరుకనా?"

"బయటికి పోతే చెట్టు వేర్లతో తీసేస్తారట."

"బయట ఎట్లయితది? చర్చి మనదే గదా. నడుమ గోడ ఒక్కటే."

ఆమె వెనక ఉన్న పెద్దావిడ అందుకుంది. "పురుగు ఎక్కడ లేదు బిడ్డా? బియ్యంల లేదా, పప్పుల లేదా? పురుగుందని పండుగ ఆపుతమా?"

"ఇరవై ఏండ్ల సంది వదినె కొమ్మలే కడ్తున్నం," అంది అధ్యక్షురాలు. చేతిలో కొడవలి కింద పెట్టింది. "ఆమె పోయినంక వచ్చిన మొదటి పండుగకు ప్లాస్టిక్ ఆకులు కట్టాల్నా? నువ్వే చెప్పన్నా. కట్టమంటే కడ్తం."

దీనికి సరైన జవాబు ఉంది. ఒకే ఒక్క మాట: కట్టండి. ఇంట్లో నాలుగు బీరువాల పుస్తకాలు చదివిన మనిషికి ఆ మాట రాలేదు. నా నోటినుంచి వచ్చింది ఇది: "ఎర్ర రిబ్బన్లు కట్టినవి ముట్టుకోకండి. పైవి కోసుకోండి."

వాళ్లు ఏరి ఏరి గుబురు కొమ్మలు కోశారు. గుబురులోనే పురుగు ఎక్కువ. ఒకామె ఆకు తిప్పి చూసింది.

"గీ తెల్లగున్నది ఏందన్నా?"

"పురుగు."

"మంచిగనే ఉన్నది. మంచు పడ్డట్టు. క్రిస్మస్‌కు గూడ పనికొస్తుండె."

మర్నాడు నేను ఎప్పుడూ కూర్చునే మూడో వరుసలో కూర్చున్నాను. బలిపీఠం చుట్టూ మా కొమ్మలు. ప్రసంగ వేదికకు కూడా రెండు కట్టారు. మా పాస్టరు అయ్యగారు ఆ ఏడు మిడతల దండు గురించి ప్రసంగించారు. పంటను తినేసే పురుగు మన హృదయాలలోనే ఉన్నదని చెయ్యి చాచి చెప్పారు. చాచిన చేతికి జానెడు దూరంలో ఆకుల వెనక అవి పనిలో ఉన్నాయి. పైన పంకా వేగం పెంచినప్పుడు నాలుగైదు తెల్లటి చుక్కలు లేచి, కాస్త తిరిగి, శ్రమ ఎందుకని మళ్లీ అక్కడే వాలాయి. వాటిని చూసింది నేనొక్కడినే. ఆరాధన ముగిశాక అందరూ వచ్చి రెమ్మలు తుంచుకున్నారు. చాదర్‌ఘాట్, అఫ్జల్‌గంజ్, సుల్తాన్ బజార్, మలక్‌పేట. పక్క కొమ్మకు పోవడానికి ఆలోచించే పురుగుకు అరగంటలో సగం నగరం చూపించాం. "అన్నా, నువ్వు తీసుకోవా?" అని ఒకామె నాకూ ఒక రెమ్మ ఇవ్వబోయింది.

పదిహేనో రోజున అధికారిణి వచ్చింది. చెట్టు చుట్టూ తిరిగి కోతలు చూసింది.

"కొమ్మలు కొట్టిన్రా సార్?"

ఆమె చేతిలో ఫారం మూడో పేజీ తెరిచి ఉంది. ప్రశ్న తలకిందులుగా కూడా చదవగలిగాను, అది నా వృత్తి. ఈ మొక్క భాగాలు ఏవైనా ఆవరణ దాటి వెళ్లాయా? అవును, కాదు. అబద్ధం అమర్చి పెట్టినట్టే ఉంది. ఔనమ్మా, కొట్టి కాల్చేశాను అంటే చాలు. ఆమె అడిగిందీ అదే. చెట్టు మిగులుతుంది.

నా భార్య కుడి చెయ్యి పైకెత్తడం తగ్గించిందని డాక్టర్లకంటే ముందు నేనే చూశాను. దండెం మీద బట్టలు ఎడమ చేత్తో వేసేది. ఏమైందని ఒకసారి అడిగితే, ఏం లేదంది. ఆ 'ఏం లేదు' తప్పని నాకు తెలుసు. దిద్దకుండా వదిలేశాను. మూడు నెలలు వదిలేశాను. ఒక మనిషి ఒక తప్పును ఎన్నిసార్లు వదలగలడో నాకు తెలియదు కానీ, ఆ ఫారం ముందు రెండోసారి నా వల్ల కాలేదు.

"పోయాయమ్మా," అన్నాను.

"ఎన్ని?"

"చర్చి నిండా. చర్చి నుంచి ఇళ్లకు."

ఆమె కలం మూసింది. మళ్లీ తెరిచి 'మధ్యస్థం' కొట్టేసి, 'ఎక్కువ' అని రాసింది. "నేనేం చెయ్యాలె సార్ మీతోని?" అంది, కోపంగా కాదు. తరవాత చెప్పింది: ఎవరింట్లో ఉన్న రెమ్మను వాళ్లే, అక్కడే, సంచిలో కట్టి కాల్చాలి. మోసుకుని తిరగకూడదు.

ఆ విషయం మూడు వాక్యాల్లో రాసి, రెండుసార్లు ప్రూఫు చూసుకుని, అందరి ఫోన్లకు పంపమని సంఘ కార్యదర్శికి ఇచ్చాను. ఆయన రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. భాష అందంగా ఉండాలంటాడు. స్వర్గస్థురాలైన సహోదరి కొమ్మలను 'కాల్చండి' అంటే బాగుండదని, 'భక్తిపూర్వకంగా తిరిగి సమర్పించగలరు' అని మార్చాడు. నాకు చూపించలేదు. ఎక్కడ, ఎప్పుడు అన్నది కూడా చేర్చాడు: బుధవారం, సాయంత్రం ఐదింటికి, చర్చి ఆవరణలో.

బుధవారం అందరూ వచ్చారు. పండుగకు రానివాళ్లు కూడా వచ్చారు. స్కూటర్ల మీద, ఆటోల్లో, చేతుల్లో రెమ్మలతో. అఫ్జల్‌గంజ్ నుంచి ఒకాయన బస్సు కిటికీలోంచి కొమ్మ బయటికి పెట్టి తెచ్చాడు, లోపల నలుగుతుందని. ఒకామె తన రెమ్మకు మల్లెపూలు చుట్టింది. చర్చి గేటు దగ్గర వరసకట్టి, పాట ఎత్తుకుని లోపలికి నడిచారు. ఆ గుంపు చూసి నేను ఫోన్ చేస్తే వచ్చిన అధికారిణి గోడ పక్కన నిలబడి చూస్తోంది.

"సార్, నేనేమన్న?"

"కాల్చమన్నారు."

"వీళ్లేం చేస్తున్నరు?"

"సమర్పిస్తున్నారు."

"మొత్తం సిటీ తిప్పి మళ్లీ తెచ్చిన్రు," అంది. తరవాత తల పక్కకు తిప్పుకుంది. నవ్విందనుకుంటాను.

ఒక ఇనప డ్రమ్ము తెచ్చి అందులో కాల్చాం. అయ్యగారు ప్రార్థన చేశారు. ఎవరి రెమ్మ వాళ్లు వేశారు. వేసేటప్పుడు ఒక్కొక్కరు నా భార్య గురించి ఒక మాట అన్నారు. ఆమె పెట్టిన నిమ్మకాయ పచ్చడి గురించి, పాట తప్పు పాడితే చూసే చూపు గురించి, ఎవరి పెళ్లిలోనో అలిగి భోజనం చేయకుండా వచ్చేసిన సంగతి గురించి. సమాధి దగ్గర ఆమెను దేవదూతను చేసి మాట్లాడినవాళ్లు వీళ్లే. అక్కడ నేను ఏడవలేదని అప్పట్లో కొందరు గమనించి మాట్లాడుకున్నారు కూడా. నిమ్మాకు కాలే వాసన ఘాటుగా ఉంటుంది. నా కళ్లలో నీళ్లు వచ్చాయి. ఈసారి పొగే.

అధ్యక్షురాలు నా పక్కకు వచ్చి నిలబడింది. "మంచిగైంది గదన్నా?" అంది. ఔనన్నాను.

చెట్టు తీసేయాలనే ఆర్డరు పైనుంచి రావాలి. ఈలోగా అధికారిణి మనిషిని పెట్టి రంపంతో చెట్టును మోకాలి ఎత్తుకు కోయించింది. కోసిందంతా అక్కడే కాల్పించింది. మొద్దు మిగిలింది. సంఘం ఇళ్లన్నీ తిరిగి చూసింది కూడా. చాదర్‌ఘాట్‌లో ఒకరి జామచెట్టు మీద పురుగు కనిపించింది. అది మా రెమ్మ నుంచి పోయిందా, ముందే ఉందా అన్నది ఆమె చెప్పలేదు. నేను వెళ్లి ఆ ఇంటాయనకు క్షమించమని చెప్పి, నెల రోజులు వారానికోసారి పోయి సబ్బునీళ్లు కొట్టి వచ్చాను. ఆయన ప్రతిసారీ టీ ఇచ్చాడు. నేను ప్రతిసారీ డీజిల్ పొగ గురించి మాట్లాడకుండా ఉన్నాను.

ఆర్డరు రాలేదు. ఫైలు ఒక బల్ల మీదినుంచి పక్క బల్లకు పోవడంలో ఆ పురుగుకంటే సోమరిదని తేలింది, దాన్ని మోసే మనుషులు కూడా దొరకలేదు. ఎండాకాలం వచ్చేసరికి మొద్దు నుంచి నాలుగు చిగుళ్లు వచ్చాయి. అధ్యక్షురాలు చూసి చేతులు జోడించింది.

"వదినె మళ్ల లేచింది అన్నా!"

"మొద్దు చిగురించిందమ్మా."

"గదే. నేనేమంటున్న?"

చర్చి వైపు గేటుకు మాత్రం తాళం వేశాను. వచ్చే కోత పండుగకు గుమ్మడికాయలతో సరిపెట్టుకోమని ముందుగానే చెప్పాను. ఆమె సరేనంది, కానీ చిగుళ్లను లెక్కపెట్టుకునే పోయింది. నేను రోజూ పొద్దున్నే భూతద్దం పట్టుకుని ప్రతి ఆకునూ తిప్పి వెనక చూస్తాను. మొత్తం అరవై ఒక్క ఆకులు. పావుగంట పడుతుంది.

మొన్న అధికారిణి వచ్చింది. తన అద్దంతో అన్ని ఆకులూ చూసింది. లేచి నిలబడి, సంతోషంగా ఫారం తీసి, చివరి గడిలో 'తక్కువ' అని రాసింది. తీసేయాల్సిన అవసరం లేదని పైకి రాస్తానంది.

"దాని పక్కన 'ఇప్పటికి' అని రాస్తావా అమ్మా?" అన్నాను.

ఆమె ఫారం నా వైపు తిప్పి చూపించింది. ఆ గడిలో అంత చోటు లేదు. కలం పక్కకు జరిపి, మార్జిన్‌లో రాసింది.